రిపోర్టులో 90 శాతం తగ్గింది, నేల బాగుపడినట్టేనా?

మిగతావాళ్లకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. పల్నాడులో ఒక ఊరి చివర పాత పురుగుమందుల గోదాము ఉంది. దాని వెనక అరెకరం రేగడి నేల. ఏళ్ల తరబడి డబ్బాలు కారి, డ్రమ్ములు కడిగిన నీళ్లు పారబోసి ఆ నేలలో క్లోరోపైరిఫాస్, ఎండోసల్ఫాన్ బాగా ఇంకిపోయాయి. ఒక కంపెనీ వచ్చి, బ్యాక్టీరియా పొడి కలిపి 60 రోజుల్లో 90 శాతం మందు తగ్గిస్తామంటోంది. ఈ పద్ధతి వల్ల పర్యావరణానికి మేలెంత, కీడెంత అని అంచనా వేసి రిపోర్టు ఇవ్వాల్సిన పని మీమీద పడింది. దగ్గర్లో బోరు ఉంది, పక్కన మిరప చేలున్నాయి. ఏం కొలవాలి, ఎన్నాళ్లు కొలవాలి, కంపెనీ మాట ఎంతవరకు నమ్మాలి అని అడిగారు.

మట్టిలో మందుల అవశేషాల మీద చాలాకాలం పనిచేసినవాడిగా సూటిగా చెబుతాను. ఆ 90 శాతం అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ దాన్ని పట్టుకుని నేల బాగుపడిందని రాయకండి. మొదట ఉన్న రసాయనం ఇప్పుడు ల్యాబ్‌లో మట్టి నుంచి అంతగా బయటికి రావడం లేదని మాత్రమే ఆ అంకెకు అర్థం. అది ఇంకో రసాయనంగా మారిందో, గాలిలోకి పోయిందో, బంకమట్టికి అతుక్కుందో, కిందికి దిగి బోరులో చేరిందో ఆ అంకె చెప్పదు. మీరు చేయాల్సిన అంచనా అంతా ఆ చెప్పని భాగం గురించే.

ముందు క్లోరోపైరిఫాస్ సంగతి. బ్యాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒకటి ట్రైక్లోరోపిరిడినాల్, పొట్టిగా టీసీపీ అంటారు. పురుగుల నరాల మీద పనిచేసే గుణం ఈ దశలోనే పోతుంది కాబట్టి ఇది నిజమైన మేలే. కానీ టీసీపీకి సూక్ష్మజీవులను అణిచే గుణం ఉంది. మందును విరగ్గొట్టిన బ్యాక్టీరియా పక్కనే అది పేరుకుంటే ఆ బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. దీనికి మించిన చిక్కు ఇంకొకటుంది. క్లోరోపైరిఫాస్ నీళ్లలో దాదాపు కరగదు, మట్టిని పట్టుకుని ఉంటుంది. టీసీపీ అలా కాదు, దానికంటే ఎన్నో రెట్లు కరుగుతుంది, నీటితో పాటు కదులుతుంది. పై మట్టి రిపోర్టు శుభ్రంగా వస్తుంటే, టీసీపీ చాపకింద నీరులా కిందికి దిగుతూ ఉండొచ్చు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరోపైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాముల పరిమితి ఉంది, టీసీపీ పేరే లేదు. అందుకని ల్యాబ్‌కు శాంపిల్ పంపేటప్పుడు టీసీపీ కూడా చూడమని మీరే రాసి ఇవ్వాలి. అడక్కపోతే వాళ్లు చూడరు.

ఎండోసల్ఫాన్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. మట్టిలో దానికి రెండు దారులున్నాయి. ఆక్సీకరణం దారిలో వెళ్తే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. జల విశ్లేషణ (నీటితో విడిపోయే) దారిలో వెళ్తే ఎండోసల్ఫాన్ డయోల్ అవుతుంది. డయోల్ విషం చాలా తక్కువ. సల్ఫేట్ మాత్రం అసలు మందుకు ఏమాత్రం తీసిపోని విషం, పైగా మట్టిలో దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. కంపెనీ ఇచ్చే బ్యాక్టీరియాగానీ శిలీంధ్రంగానీ మందును ఏ దారిలో నడిపిస్తుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మందులోని రెండు రూపాలైన ఆల్ఫా, బీటా ఎండోసల్ఫాన్ రెండూ 90 శాతం తగ్గి, సల్ఫేట్ ఆ మేరకు పెరిగితే ఆ నేలకు జరిగిన మేలు శూన్యం. ఐఎస్ 10500 రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందులో ఎండోసల్ఫాన్ పరిమితి లీటరుకు 0.4 మైక్రోగ్రాములు అని పెట్టినప్పుడు ఆల్ఫా, బీటా, సల్ఫేట్ మూడింటినీ లెక్కలోకి తీసుకున్నారు. మీ రిపోర్టులో మట్టికి కూడా అదే పద్ధతి పాటించండి. ‘మొత్తం ఎండోసల్ఫాన్’ అని ఒక వరుస పెట్టి మూడూ కలిపి చూపించండి, డయోల్‌ను పక్కన విడిగా చూపించండి. కంపెనీ ఇచ్చిన పాత రిపోర్టుల్లో సల్ఫేట్ వరుస లేకపోతే వాటిని ఆధారంగా తీసుకోవద్దు.

గోదాము అంత పాతదైతే డీడీటీ, బీహెచ్‌సీ కూడా దొరికే అవకాశం ఉంది. కాబట్టి మొదటి విడత శాంపిళ్లలో వాటినీ చూపించండి. డీడీటీ గాలి ఆడే మట్టిలో డీడీఈగా మారుతుంది. అది మొండిది, దశాబ్దాలు ఉంటుంది. గాలి ఆడని తడి మట్టిలో డీడీడీగా మారుతుంది. బీహెచ్‌సీ అని మన రైతులు పిలిచిన హెచ్‌సీహెచ్ కథ మన దేశంలోనే బాగా అధ్యయనం చేశారు. అందులో పురుగును చంపే గామా రూపమే లిండేన్. ఒక టన్ను లిండేన్ తీయాలంటే పనికిరాని ఇతర ఐసోమర్లు (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు) 8 నుంచి 12 టన్నులు మిగులుతాయి. అలా మిగిలిన చెత్త పోసిన చోటు ఒకటి లక్నో దగ్గర ఉమ్మరి గ్రామంలో ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూప్ లాల్ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు అధ్యయనం చేసిన స్ఫింగోబియం ఇండికమ్ బీ90ఏ అనే బ్యాక్టీరియా చెరకు వేళ్ల దగ్గరి మట్టిలో దొరికింది. అది ఆల్ఫా, గామా ఐసోమర్లను చక్కగా విడగొడుతుంది. బీటా ఐసోమర్ దగ్గరికి వచ్చేసరికి చాలావరకు క్లోరిన్ స్థానంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) చేర్చి ఆపేస్తుంది. ఆ కొత్త పదార్థాలు బీటా కంటే నీళ్లలో ఎక్కువ కరుగుతాయి. ఒక పాత హెచ్‌సీహెచ్ తయారీ కేంద్రం ఉన్నచోట భూగర్భజలాల్లో అలాంటివి దొరికాయి కూడా. బ్యాక్టీరియా తన పని తాను చేసింది, కాలుష్యం మాత్రం మట్టి నుంచి నీళ్లలోకి మారింది. మీ అరెకరంలో ఇలా జరగడం లేదని చూపించగలిగితేనే అది మంచి పద్ధతి అనాలి.

ఇక పోలిక ప్లాట్లు. ఇవి లేని ప్రయోగాన్ని చూసి అంచనా రాయడం అసాధ్యం. కంపెనీ వాళ్లు మట్టిని దున్నుతారు, తడుపుతారు, బెల్లం మడ్డి, యూరియా, డీఏపీ కలుపుతారు, తర్వాత పొడి చల్లుతారు. దున్నితే ఎండోసల్ఫాన్ కొంత ఆవిరై గాలిలోకి పోతుంది. తడిపి ఎరువు వేస్తే ఆ నేలలో అప్పటికే ఉన్న సూక్ష్మజీవులు మేల్కొంటాయి. మరి తగ్గిన దాంట్లో వాళ్ల పొడి వాటా ఎంత? ఇది తెలియాలంటే కనీసం నాలుగు రకాల ప్లాట్లు ఉండాలి. ఒకటి ఏమీ చేయకుండా వదిలేసింది. ఒకటి దున్ని, తడిపి, పోషకాలు మాత్రమే ఇచ్చింది. ఒకటి అన్నీ ఇచ్చి, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో వేడిచేసే పాత్రలో) బ్యాక్టీరియాను చంపిన పొడి వేసింది. ఇంకొకటి అసలు పొడి వేసింది. ప్రతి రకానికి మూడేసి ప్లాట్లు, ఎక్కడ ఏది రావాలన్నది చీటీలు వేసి నిర్ణయించాలి.

ఇలా సరిగ్గా చేసిన ఒక ప్రయోగం చెబుతాను. అమెరికాలోని దక్షిణ డకోటాలో అట్రజిన్ కలుపుమందు ఒలికిపోయిన మట్టి మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు పనిచేసి 2000లో ఫలితాలు ప్రచురించారు. అట్రజిన్‌ను విడగొట్టే ఎంజైమును ఎక్కువగా తయారుచేసేలా జన్యుమార్పిడి చేసిన ఈ. కోలై బ్యాక్టీరియాను పెంచి, చంపి, ఆ చచ్చిన కణాలను మట్టిలో కలిపారు. బతికున్న జన్యుమార్పిడి జీవి బయటికి పోయే భయం లేదు. ఎనిమిది వారాల్లో చచ్చిన కణాలు మాత్రమే వేసిన ప్లాట్లలో 52 శాతం, వాటితోపాటు ఫాస్ఫేట్ కూడా ఇచ్చిన చోట 77 శాతం తగ్గింది. ఏమీ వేయని చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. దేని వల్ల ఎంత తగ్గిందో పాఠకుడికి తేటతెల్లంగా కనిపిస్తుంది. మీ దగ్గరికి వచ్చిన కంపెనీని ఇలాంటి పట్టిక అడగండి.

మట్టికి అతుక్కుపోయిన మందు సంగతి రేగడిలో చాలా ముఖ్యం. బంకమట్టి, సేంద్రియ పదార్థం కలిసి మందును ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి లాక్కుంటాయి. అప్పుడు ల్యాబ్ ద్రావణానికి రాదు, బ్యాక్టీరియాకూ అందదు. అందుకే తగ్గుదల గ్రాఫు గీస్తే మొదటి కొన్ని వారాలు బాగా దిగి, ఆ తర్వాత అడ్డంగా సాగుతుంది. అడ్డంగా సాగే ఆ తోక దగ్గరే అసలు పని మిగిలి ఉంటుంది. పరిశోధనశాలలో అయితే రేడియోధార్మిక కార్బన్ 14 గుర్తు పెట్టిన మందుతో ఎంత కార్బన్ డయాక్సైడ్‌గా పోయింది, ఎంత మట్టికి అతుక్కుంది అని లెక్క తేలుస్తారు. మీకు పొలంలో ఆ వీలు లేదు. కాబట్టి ఒకే శాంపిల్‌ను రెండు రకాలుగా తీయించండి: మెత్తని పద్ధతిలో ఒకసారి, గట్టి ద్రావణాలతో వేడిచేసి ఇంకోసారి. మొదటిదానిలో రానిది రెండోదానిలో వస్తే మందు పోలేదు, దాక్కుందని అర్థం. దాక్కున్నది అపాయమా కాదా అన్నది వానపాములను అడగాలి, దానికి కాసేపట్లో వస్తాను.

శాంపిల్ తీసే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పల్నాడు రేగడిలో ఎక్కువ రిపోర్టులు తప్పుదారి పట్టేది ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల చూడండి. చెయ్యి దూరేంత వెడల్పుతో నెర్రెలు పడి ఉంటుంది, కర్ర దింపితే మీటరు దాకా దిగే నెర్రెలుంటాయి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడగానే నీళ్లు మట్టిలోంచి నెమ్మదిగా ఇంకవు. ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి దూకుతాయి. పై అడుగు మట్టిలో బ్యాక్టీరియా ఉందనుకుంటాం, మందు మాత్రం ఆ పొరను తాకకుండా పక్కనుంచి కిందికి పోతుంది. ఆ తర్వాత నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటే పైనుంచి చూసినవాడికి ఏమీ తెలియదు. అందుకని 0-15, 15-30, 30-60, 60-100 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయండి. ఎండాకాలంలో నెర్రె గోడల మీద పైపొరను కత్తితో గీకి, దాన్ని మిగతా మట్టితో కలపకుండా వేరే శాంపిల్‌గా పంపండి. ఆ గోడల మీద ఉన్నదీ, పక్కన అదే లోతులో మట్టి మధ్యలో ఉన్నదీ పోల్చితే మందు కిందికి ఏ దారిన పోయిందో స్పష్టంగా తెలుస్తుంది. అనంతపురం ఎర్ర నేలల్లో ఈ చిక్కు అంత ఉండదు, అక్కడి రిపోర్టును ఇక్కడికి తెచ్చి చూపిస్తే ఒప్పుకోకండి.

కంపెనీ 60 రోజులంటోంది కదా. ఆ 60 రోజులు జనవరి, ఫిబ్రవరిలో పెడితే వాన ఉండదు, నీరు కిందికి దిగదు, రిపోర్టు అందంగా వస్తుంది. మీ అంచనా కనీసం ఒక వానాకాలం దాటాలి. పని మొదలుకాక ముందు, 60వ రోజున, వానలు తగ్గాక, మళ్లీ వచ్చే ఎండాకాలంలో శాంపిళ్లు తీయండి. అతుక్కున్న మందు మళ్లీ బయటికి వచ్చి అంకె పెరగడం మామూలే, అది ఈ గడువులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు జీవుల పరీక్షలు. రసాయన విశ్లేషణ మనం పేరు పెట్టి అడిగిన వాటినే చూపిస్తుంది. పేరు తెలియని పదార్థం ఏదైనా పుట్టుకొస్తే దాన్ని పట్టేది బతికున్న ప్రాణే. తక్కువ ఖర్చుతో మీరే చేయించగలిగేది వానపాముల ఎంపిక పరీక్ష. ఒక పెట్టెను మధ్యలో అట్టతో రెండు భాగాలు చేయాలి. ఒకవైపు ఆ నేల మట్టి, ఇంకోవైపు మందు తగలని అదే రకం మట్టి. అట్ట తీసి ఆ గీత మీద పది వానపాములు వదిలి, మూత పెట్టి 48 గంటలు ఉంచాలి. తర్వాత మళ్లీ అట్ట దింపి ఎటు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఇలా అయిదారు పెట్టెలు పెట్టి సగటు చూస్తే, పరీక్ష మట్టి వైపు 20 శాతం కంటే తక్కువ మిగిలితే ఆ నేల ఇంకా వానపాము నివాసానికి పనికిరాదని ఐఎస్ఓ 17512 ప్రమాణం చెబుతుంది. అంకె 90 శాతం తగ్గిన మట్టిలోంచి వానపాములన్నీ అవతలికి పోతే ఇక మీరు ఎవరికీ వాదించి చెప్పక్కర్లేదు. డబ్బు ఉంటే ఓఈసీడీ 222 పరీక్ష కూడా చేయించండి. అది 56 రోజులు పడుతుంది, వానపాములు బతికాయా అన్నదే కాకుండా పిల్లలు పెట్టాయా అన్నది చూస్తుంది. తక్కువ మోతాదు విషం ముందు దెబ్బకొట్టేది సంతానం మీదనే.

నేల ఊపిరి చూడ్డానికి డీహైడ్రోజినేస్ పరీక్ష చాలా మంచిది, మన వ్యవసాయ కళాశాలల ల్యాబుల్లో చేస్తారు. కొద్దిగా మట్టిలో రంగులేని టీటీసీ ద్రావణం పోసి, మూత బిగించి, ఒక రోజంతా చీకట్లో వెచ్చగా ఉంచుతారు. మట్టిలో సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటే ఆ ద్రావణం ఎర్రటి ఫార్మజాన్‌గా మారుతుంది. మిథనాల్‌తో దాన్ని కడిగి రంగు ఎంత చిక్కగా ఉందో 485 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. మందుతో చచ్చిన నేలలో లేత గులాబీ రంగు కూడా సరిగా రాదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బస్తాల కొద్దీ బ్యాక్టీరియా, బెల్లం మడ్డి పోసిన వారానికి ఈ పరీక్ష చేస్తే ఏ నేలైనా ఎర్రగానే వస్తుంది. అది నేల బలం కాదు, పోసిన తిండి బలం. పోషకాలు ఆపేసిన మూడు నాలుగు నెలల తర్వాత వచ్చే రంగునే లెక్కలోకి తీసుకోండి, పోషకాలు మాత్రమే ఇచ్చిన ప్లాటుతో పోల్చండి. దాంతో పాటు నేల మీది నాచును కూడా గమనించండి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కడియాల వెంకటేశ్వర్లు, మల్లవరపు మేఘరాజ్ వంటివారు 1980లలోనే నేల శైవలాల మీద పురుగుమందుల ప్రభావం గురించి పనిచేశారు. మేఘరాజ్ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి కలుషిత నేలల శుద్ధిలోనే పనిచేశారు. తెలుగు నేలల మీద ఆధారాలు వెతికేటప్పుడు ఆ పత్రాలు చూడండి.

నీటి వైపు చూస్తే, గొట్టాల్లో నింపిన మట్టి స్తంభాల్లోంచి కిందికి దిగిన నీటిలో డాఫ్నియా అనే చిన్న నీటి పురుగును 48 గంటలు ఉంచి చూస్తారు. క్లోరోపైరిఫాస్ జాడకు అది గట్టిగా స్పందిస్తుంది. ఎండోసల్ఫాన్‌కు మాత్రం చేపలు ఎక్కువ సున్నితం. దగ్గర్లో చెరువో కుంటో ఉంటే చేపల పరీక్ష తప్పించుకోవద్దు. బోరు నీళ్లు ప్రతి విడతలోనూ చూపించండి. గోదాముకూ బోరుకూ మధ్యలో ఒకటి రెండు గొట్టపు బావులు తక్కువ లోతులో వేయిస్తే మంచిది, ఎందుకంటే లోతు బోరులో మందు కనిపించేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

ఇంతవరకూ మందు గురించి మాట్లాడాను. శుద్ధి చేయడానికి వేసేవి కూడా కాలుష్యమే కావచ్చు, దీన్ని చాలా రిపోర్టులు అసలు ముట్టుకోవు. ఆ పొడిలో ఏ జాతి బ్యాక్టీరియా ఉందో జాతి పేరు, స్ట్రెయిన్ (ఆ జాతిలోని రకం) సంఖ్యతో సహా రాసి ఇమ్మనండి. వ్యాపార రహస్యం అంటే ఆ చర్చ అక్కడితో ఆపేయండి. పురుగుమందును తినే సూక్ష్మజీవుల పరిశోధనల్లో సూడోమోనాస్ ఎరుజినోసా, బర్కోల్డేరియా సెపేసియా వంటి పేర్లు తరచూ వస్తాయి. ల్యాబ్‌లో అవి గొప్ప పనిమంతులు. కానీ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు తెస్తాయి, యాంటీబయాటిక్‌లకు సులభంగా లొంగవు. ఊరి పక్కన, కూలీలు ఉత్తచేతులతో చల్లే చోట వాటిని వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

జన్యువుల మాట కూడా ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులను విడగొట్టే ఓపీడీ జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉంటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దయానంద సిద్దవటం బృందం అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు దూకగల అమరికలో ఉందని చూపించింది. వేర్వేరు దేశాల నేలల్లో, వేర్వేరు జాతుల్లో అదే జన్యువు ఎందుకు దొరుకుతుందో దీంతో అర్థమవుతుంది. ఇది మంచికీ పనికొస్తుంది: చల్లిన బ్యాక్టీరియా చచ్చినా జన్యువు స్థానిక జాతులకు అంది పని సాగొచ్చు. కానీ అదే ప్లాస్మిడ్ మీద యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు ఉంటే అవీ ప్రయాణిస్తాయి. పూర్తి జన్యుక్రమం రిపోర్టు అడగండి, ఇప్పుడది పెద్ద ఖర్చు కాదు. జన్యుమార్పిడి చేసిన జీవి అయితే అలాంటి జీవుల మీద కేంద్రం తెచ్చిన 1989 నిబంధనల కింద అనుమతి లేకుండా పొలంలో వేయడానికి వీల్లేదు.

పక్కనున్న మిరప చేలకు ఇంకో రకం దెబ్బ తగలొచ్చు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో వరి మళ్లకు డయాజినాన్ పదే పదే వేసేసరికి వరి సుడిదోమ మీద దాని పని తగ్గిపోయింది. ఆ మడి నీళ్లలో సూక్ష్మజీవులు దాన్ని వెంటనే తినేస్తున్నాయని తేలింది. అక్కడినుంచే సేతునాథన్, యోషిడా 1973లో వేరుచేసిన బ్యాక్టీరియా ఈ రంగానికి పునాది. ఆ సేతునాథన్ తర్వాత కటక్ వరి పరిశోధనా కేంద్రంలో పనిచేశారు. అంటే శుద్ధి చేసే బ్యాక్టీరియా పారే నీటితో పొలాల్లోకి చేరి అక్కడ స్థిరపడితే, నేలలో వేసే మందులు త్వరగా పోయి రైతు మోతాదు పెంచే ప్రమాదం ఉంటుంది. ఈ అవకాశం చిన్నదే, కానీ గట్టు కట్టి నీళ్లు బయటికి పోకుండా ఆపమనడానికి ఇది మరో కారణం.

పోషకాల లెక్క కూడా రాయండి. యూరియా ఎక్కువైతే నైట్రేట్‌గా మారి బోరుకు చేరుతుంది. తాగునీటిలో దాని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, మన జిల్లాల్లో చాలా బోర్లు ఇప్పటికే ఆ అంకె చుట్టుపక్కల తిరుగుతున్నాయి. తడి నేలలో అదే నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. మందును మట్టి నుంచి వదిలించడానికి సబ్బు వంటి సర్ఫాక్టెంట్లు కలుపుతామంటే రేగడిలో ఒప్పుకోకండి. బ్యాక్టీరియాకు అందే ముందే మందు నెర్రెల్లోంచి కిందికి పోతుంది. నీళ్లు నిలబెట్టి గాలి ఆడకుండా చేసే పద్ధతి అంటే ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి, మీథేన్ వస్తుంది. ఇవన్నీ కొలవాల్సిన వరుసలే.

మరి ఇన్ని చిక్కులుంటే బయోరెమిడియేషన్, అంటే సూక్ష్మజీవులతో శుద్ధి, వద్దా? వద్దని నేననను. దాన్ని దేనితో పోల్చుతున్నామో ముందు తేల్చుకోవాలి. అరెకరం అంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు. అర మీటరు లోతు మట్టి తవ్వితే 1,000 ఘనపు మీటర్లు, బరువు 1,300 టన్నులకు పైనే. 20 టన్నుల లారీలైతే 65 నుంచి 70 ట్రిప్పులు. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోనో, విశాఖ దగ్గర పరవాడలోనో ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు తోలాలంటే ఒక వైపే రెండు వందల కిలోమీటర్లకు మించుతుంది. ఆ డీజిల్, దుమ్ము, దారిలో ఒలికే ప్రమాదం, ఆ మట్టి స్థానంలో ఇంకెక్కడో చెరువు తవ్వి తెచ్చే మట్టి అన్నీ లెక్కే. కాల్చినా పూర్తిగా పోదు. భోపాల్ యూనియన్ కార్బైడ్ వ్యర్థాలు 337 టన్నులను 2025లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో కాల్చాక 800 టన్నులకు పైగా బూడిద, శేషాలు మిగిలాయి, వాటిని మళ్లీ ఎక్కడో పూడ్చాలి. ఐఎస్ఓ 14040 పద్ధతిలో జీవితచక్ర అంచనా (పని మొదలు నుంచి చివరి దాకా పర్యావరణం మీద పడే భారం లెక్క) రాసేటప్పుడు ‘ఇంత నేలను ఇన్ని మిల్లీగ్రాముల స్థాయికి తేవడం’ అని ఒకే కొలమానం పెట్టుకుని మూడు దారులనూ పోల్చండి: అక్కడే శుద్ధి, తవ్వి తరలింపు, ఏమీ చేయకపోవడం. మూడోదాన్ని వదిలేయకండి. ఏమీ చేయకపోవడానికీ ఖర్చుంది, అది బోరు తాగేవాళ్ల మీద పడుతుంది.

మీ చోటికి నేను సూచించేది కలగలుపు దారి. డ్రమ్ములు పెట్టిన చోట, కడిగిన నీళ్లు నిలిచిన గుంటలో మట్టి చాలా చిక్కగా ఉంటుంది. అంత గాఢతలో బ్యాక్టీరియా బతకదు. యూరప్ చట్టంలో వ్యర్థాల్లో ఎండోసల్ఫాన్ కిలోకు 50 మిల్లీగ్రాములు దాటితే దాన్ని నాశనం చేయాల్సిన వర్గంలో పెడతారు. ఆ గీతను మీరూ వాడుకోవచ్చు. అంతకు మించిన మట్టిని తవ్వి పంపండి, అది నాలుగైదు లారీలకు మించకపోవచ్చు. మిగతా పలుచటి మేర అక్కడే శుద్ధికి పెట్టండి, చుట్టూ గట్టు, వాన నీళ్లు పైనుంచి రాకుండా మళ్లింపు కాలువ. పంటలతో శుద్ధి చేద్దామని ఎవరైనా అంటే వట్టివేరు వంటిది గట్ల మీద పెట్టుకోవచ్చు, కానీ గుమ్మడి జాతి తీగలు అక్కడ వేయొద్దు. డీడీఈ వంటి వాటిని అవి వేళ్లతో బాగా లాగి కాయల్లోకి చేరుస్తాయి. మొలిచిన గడ్డి పశువులకు వేయొద్దు, అది పాల వెన్నలోకి వస్తుంది.

గోదాము ఇంకా నడుస్తుంటే శుద్ధి ఎంత చేసినా వృథా. కడిగే నీళ్ల కోసం స్వీడన్‌లో 1993 నుంచి వాడుతున్న బయోబెడ్ (మందు నీళ్లను సూక్ష్మజీవులు విడగొట్టే గుంట) లాంటిది కట్టించండి. అడుగున బంకమట్టి, దానిపైన సగం ఎండుగడ్డి, పావు పీట్ (బురద నేలల్లో సగం కుళ్లిన మొక్కల మట్టి), పావు పైమట్టి కలిపిన పొర, అన్నిటికంటే పైన పచ్చిక. పీట్ మనకు దొరకదు, కొబ్బరి పొట్టు వాడి చూడొచ్చు. కొన్నేళ్లకు ఆ మిశ్రమం తీసినప్పుడు నేరుగా పొలంలో చల్లకుండా ఏడాది కంపోస్టు చేసి, పరీక్ష చేయించి మరీ వాడాలి.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగానికి, కాలుష్య నియంత్రణ మండలికి ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేసి ఆ కాగితం మీ ఫైల్లో పెట్టుకోండి. కంపెనీతో ఒప్పందంలో చెల్లింపును మూడు వాయిదాలుగా విడగొట్టండి. పని మొదలుపెట్టేటప్పుడు కొంత, 60వ రోజు రిపోర్టుకు కొంత. మిగతా సగం మాత్రం వానాకాలం దాటాక, మొత్తం ఎండోసల్ఫాన్, టీసీపీ, బోరు నీళ్లు, వానపాముల పరీక్ష నాలుగూ మీరు ఎంచుకున్న ల్యాబ్‌లో సరిగ్గా వచ్చినప్పుడే. దానికి వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల మొదటి విడత డేటా, పొడి జాతి వివరాలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.